పెన్సిల్ గీత మీద సిరా

సాన్ ఇసిద్రో,
21 జనవరి 1996, ఆదివారం.

చిరంజీవి కొరీన్‌ను అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నా కుట్టు మిషనూ, నువ్వు పెంచిన కోడిపెట్ట మునిమనవరాళ్ళూ. అక్కడ టొబేగోలో నువ్వూ, ఎడ్గారూ, కెజయా తల్లీ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. క్రిస్మస్ పండక్కి నువ్వు పంపిన నల్ల కేకు మొన్నటిదాకా వచ్చింది. రోజూ వేలెడు ముక్క కోసుకుని తిన్నాను. ఆఖరి ముక్క మాత్రం టాంటీ మేవిస్ వచ్చి అడగకుండానే నోట్లో వేసుకుంది. నీ మేనత్త సంగతి నీకు తెలిసిందేగా.

నీ ఉత్తరం బుధవారం అందింది. మామూలుగా అయితే మూడు పేజీలకు జవాబు రాయడానికి నాకు రెండు ఆదివారాలు పడుతుంది. ఈసారి ఆగడానికి లేదు. కెజయా ఫారం వచ్చే శుక్రవారానికల్లా బళ్ళో ఇచ్చెయ్యాలన్నావు. మేవిస్ మంగళవారం పడవకు మీ దగ్గరికే వస్తోంది కనుక ఈ కవరు ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. గట్టిగా అతికించాను. అయినా అంచులు చూసుకుని తీసుకో. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనున్నది లఖన్ కొట్లో. అక్కడ నేను హలో అంటే చాలు, ఉప్పుచేప కొనడానికి వచ్చినవాళ్ళంతా బేరం ఆపేసి చెవులు రిక్కిస్తారు. పైగా ఫోనులో అయితే అసలు మాట మింగేసి, వంటల కబుర్లు చెప్పి పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నువ్వడిగినవాటికి వరసగా చెప్తాను. మోకాళ్ళు వానలు తగ్గాక కాస్త నయం. మోకాళ్ళ మీద కూర్చోవద్దన్నాడు కొత్త డాక్టరు. కూర్చోకపోతే స్కర్టు అంచులకు కొలత ఎవరు తీస్తారయ్యా అని అడిగితే దానికి ఆయన దగ్గర మందు లేదు. వంటింటి రేకులు మార్పించాను. సీమపనస ఈ ఏడు విరగకాసింది. సగం పంచిపెట్టాను, సగం పక్షులు తిన్నాయి.

బిడేసీ మాస్టారి గురించి అడిగావు. క్రిస్మస్‌కు పది రోజుల ముందు నిద్రలోనే పోయారు. నది ఒడ్డున దహనం చేశారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళంతా వచ్చారు. నీ స్నేహితురాలు రోజ్లిన్ కూడా పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి కారేసుకుని వచ్చి నీ గురించి అడిగింది. నేను వెళ్ళాను గానీ అందరికంటే వెనక నిలబడ్డాను. మాస్టారి భార్య నన్ను ముందుకు రమ్మని చెయ్యి ఊపినా కదల్లేదు. కాళ్ళు నొప్పులమ్మా అన్నాను. అది అబద్ధం. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెప్తాను, నువ్వు తొందరపడి చివరి పేజీకి వెళ్ళకు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. సెప్టెంబరులో మీరు బదిలీ మీద ఇక్కడికి వచ్చేస్తున్నారు గనక కెజయా చదవబోయేది మన ఊళ్ళోనే. ఉన్నవి రెండే హైస్కూళ్ళు. రెంటికీ జీతాలిచ్చేది ప్రభుత్వమే, ఎక్కడా ఫీజు లేదు. పై బడి సెయింట్ ఒడీలియా, కింది బడి గవర్నమెంట్ సెకండరీ. కొండ మీద ఉన్నందుకు దానికి పై బడి అని పేరు, మార్కెట్టు పక్కనున్నందుకు దీనికి కింది బడి అని. ఊరివాళ్ళు నోరు తిరగక పెట్టుకున్న పేర్లే గానీ, ఆ రెండు మాటలు విన్న పిల్లలకు ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. ప్రవేశ పరీక్షకు ముందే కావలసిన బడులు వరసగా ఫారంలో రాసివ్వాలి కదా, ఏది మేలో, మొదటి గడిలో ఏది రాయాలో చెప్పమన్నావు.

చెప్పమంటూనే నువ్వు ఒక నిర్ణయానికి వచ్చేశావు. నీ మాటలు మళ్ళీ నీకే రాస్తున్నాను. "కెజయా పెన్సిల్‌తో మొదటి గడిలో పై బడి పేరు రాసుకుంది అమ్మా. నేనే వద్దన్నాను. నా కూతురేగా, దానికీ తెలివి చేతుల్లోనే ఉంటుంది. నాలాగా పేపర్లో పేరు వెతుక్కుని ఏడవడం దేనికి? కింది బడి మొదట రాసేస్తే ఆ దెబ్బే తగలదు."

ఇది చదివి కత్తెర కింద పెట్టేశాను. ఆ రోజు ఇంక మిషను ఎక్కలేదు. చర్చి పాటల బృందం వాళ్ళ గౌన్లు పదకొండు అలాగే ఉండిపోయాయి. గురువారం పొద్దున్నే టోపీ పెట్టుకుని రెండు బళ్ళకూ వెళ్ళొచ్చాను. నీకు నిజం చెప్పాలంటే ముందు నేను నిజం చూసి రావాలి అనుకున్నాను.

ముందు పై బడికి. నూట పన్నెండు మెట్లు. యాభయ్యో మెట్టు మీద కూర్చుని మీ నాన్నను తిట్టుకున్నాను, ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా తిట్టుకోవడానికి వేరే ఎవరూ లేరు కదా. హెడ్ మిస్ట్రెస్ సిస్టర్ బెర్నార్డా కొత్తగా వచ్చింది, నన్నెరగదు. ఎవరి తాలూకమ్మా అని అడిగింది. ముప్ఫై అయిదేళ్ళుగా మీ పిల్లల స్కర్టులు కుట్టేది నేనే అన్నాను. వెంటనే కుర్చీ వేయించి నిమ్మరసం తెప్పించింది. చెడ్డమనిషి కాదు. పుస్తకాల గది చూపించింది. నలుగురు పిల్లలు తలెత్తకుండా చదువుకుంటున్నారు. అంత నిశ్శబ్దంలో నా మోకాళ్ళు చప్పుడు చేస్తుంటే నాకే సిగ్గేసింది. వాళ్ళ ఫలితాలు గోడ మీద రాసి పెట్టారు, బాగున్నాయి. వెళ్తూ వెళ్తూ ఒక మాటడిగాను, మిమ్మల్ని రెండో గడిలో రాసినవాళ్ళకు సీటు దొరుకుతుందా అని. "మొదట రాసినవాళ్ళకే చోటు చాలట్లేదమ్మా. రెండో గడి కాయితాలు మా దాకా రానే రావు," అంది. ఇరవై రెండేళ్ళ క్రితం కూడా ఇదే మాట. ఆ మాట గుర్తుపెట్టుకో.

తర్వాత కింది బడికి. గేటు దగ్గరే ఇద్దరు మగపిల్లలు ఒకడి టై ఒకడు పట్టుకుని లాక్కుంటున్నారు, వాచ్‌మన్ మామిడికాయ తింటూ చూస్తున్నాడు. లెక్కల మాస్టారు పోయిన టర్మంతా లేడట. ఒక గది కప్పు కారి బకెట్టు పెట్టారు. ఇవన్నీ దాచను. కానీ సైన్సు చెప్పే మిస్ ఆర్చిబాల్డ్ నన్ను చూడగానే పలకరించింది. "మీరు కుట్టే స్కర్టులకు చిల్లులు పెట్టేది నేనేనండి, తిట్టడానికి వచ్చారా?" అంది. ఆవిడ చేతికి కూడా యాసిడ్ మచ్చలున్నాయి. ప్రయోగాల గది చూపించింది. పిల్లలు గొట్టాల్లో ఏదో మరగబెట్టి, రంగు మారగానే గోల గోల చేశారు. ఆ గోల నాకు నచ్చింది.

వాళ్ళు చూపించింది చూశాను గానీ, అసలు బళ్ళ సంగతి నాకు చెప్పేది బట్టలే. పై బడి చొక్కాలు మోచేతుల దగ్గర అరిగి వస్తాయి, బల్లల మీద ఆనుకుని చదివి చదివి. స్కర్టు అంచులు ఏటేటా విప్పి దించుకుంటారు, ఒక్కో స్కర్టు మీద మూడు పాత మడతల గీతలుంటాయి. అక్క తర్వాత చెల్లి వేసుకుంటుంది. శుభ్రంగా ఉంటాయి, మరక అనేది ఉండదు. పదమూడేళ్ళ పిల్ల బట్ట మీద మరక లేదంటే ఆ పిల్లను ఏదీ ముట్టుకోనివ్వడం లేదని కూడా అనిపిస్తుంది నాకు. కింది బడి స్కర్టులు జేబులు చినిగి వస్తాయి, అంచులు పైకి మడవమంటారు, తోటపని మట్టి ఎంత ఉతికినా పోదు. ఈ నాలుగేళ్ళుగా మాత్రం ముందువైపు చిన్న చిన్న చిల్లులు కనిపిస్తున్నాయి, చుట్టూ పసుపు రంగు. మొదట పురుగు కొట్టిందేమో అనుకున్నాను. యాసిడ్ అని తర్వాత తెలిసింది. కాబట్టి అక్కడ ఏదో నిజంగా నేర్పుతున్నారు.

నన్ను ఒట్టేసి చెప్పమంటే, ఇవాళ రెండూ రెండే. పుస్తకం పట్టుకుంటే వదలని పిల్లకు పై బడి, ఏదైనా విప్పి చూస్తేగానీ నమ్మని పిల్లకు కింది బడి. మన కెజయా మొన్న వేసవిలో నా మిషను విప్పేసి నాలుగు మరలు ఎక్కువ మిగిల్చింది, గుర్తుందా. ఆ లెక్కన చూస్తే కింది బడే దానికి సరిపోతుందేమో. అది దానికి నచ్చి రాసుకుంటే నాకు సంతోషమే. నువ్వు చెప్పిన కారణానికి మాత్రం రాయించకు. ఆ కారణం అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లో.

కొరీన్, నువ్వు పై బడికి మార్కులు చాలక ఆగిపోలేదు. నేను ఆపాను.

ఇది రాశాక లేచి వెళ్ళి కోళ్ళకు గింజలు వేసి వచ్చాను. వేసిన గంటకే మళ్ళీ వేసినందుకు అవి కూడా నన్ను వింతగా చూశాయి. ఇప్పుడు కూర్చుని మొత్తం రాసేస్తాను.

డెబ్భై నాలుగు జనవరి. నీకు పదకొండో ఏడు. బిడేసీ మాస్టారి పద్ధతి నీకు తెలుసుగా, నువ్వు నీ కూతురి చేత కూడా అలాగే చేయిస్తున్నావు. ఫారంలో ముందు పిల్లలే పెన్సిల్‌తో రాయాలి. తల్లిదండ్రులు చదివి, మాట్లాడుకుని, దాని మీద సిరాతో దిద్ది సంతకం చెయ్యాలి. చదవబోయేది వాళ్ళు కదా, ముందు గీత వాళ్ళది కావాలి అనేవారు మాస్టారు. నువ్వు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, అచ్చు అక్షరాల్లాంటి అక్షరాలతో మొదటి గడిలో సెయింట్ ఒడీలియా అని రాశావు. రెండో గడిలో గవర్నమెంట్ సెకండరీ. "అమ్మా, జాగ్రత్తగా దిద్దు, సిరా పెన్సిల్ గీత దాటకూడదు," అని నాకు చెప్పి రోజ్లిన్‌తో తాడాట ఆడుకోవడానికి వెళ్ళావు. మీ నాన్న పాయింట్ ఫోర్టిన్ చమురు బావుల దగ్గర ఉన్నారు, పదిహేను రోజులకు గానీ రారు. సంతకం నాదే.

ఆ సాయంత్రమే పెల్లెటియే వాళ్ళ అమ్మాయి వచ్చింది, కోకో తోటల వాళ్ళ పిల్ల. వెంట ఒక స్నేహితురాలు. ఇద్దరూ పై బడే. పై బడిలో అంచు రూలు ఇప్పటికీ అదే, పిల్ల మోకాళ్ళ మీద నిలబడితే స్కర్టు నేలను తాకాలి. బళ్ళో వాళ్ళు మోకరిల్లుతారు, నా గదిలో నేను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆ పిల్ల చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతున్నాను. వాళ్ళిద్దరూ నేనక్కడ లేనట్టే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ క్లాసులో ఒక పిల్ల ఉందట, తల్లి బట్టలుతుకుతుంది. ఆ రోజు వాన పడితే తల్లి గొడుగు తీసుకుని గేటు దగ్గరికి వచ్చిందట. ఆవిడెవరే అని ఎవరో అడిగితే ఆ పిల్ల, "మా పనిమనిషి" అందట.

వాళ్ళు నవ్వలేదు, అదే నన్ను చంపింది. పాపం అన్నారు. ఆ పిల్లను చూసి జాలిపడ్డారు, తల్లిని చూసి కాదు. నా నోట్లో గుండుసూదులుండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమనేదాన్నో.

వాళ్ళు వెళ్ళాక ఫారం తీశాను. పొయ్యి మీద పెలావ్ ఉడుకుతోంది. నీ అక్షరాలు చూస్తుంటే నాకు ఒక్కటే కనబడింది. గేటు దగ్గర నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, ఆవిడెవరే అని ఎవరో అడిగారు, నువ్వు "మా దర్జీ" అన్నావు. అంతే. అడుగు తప్పే మనిషిని అడిగేవాళ్ళు లేకపోతే ఇంకెవరు ఆపుతారు? మీ నాన్న ఉంటే అడిగి ఉండేవారేమో. నీ పెన్సిల్ డబ్బాలోంచి నీ రబ్బరే తీసుకుని రెండు గడులూ చెరిపేశాను. మొదటి గడిలో గవర్నమెంట్ అని, రెండో గడిలో ఒడీలియా అని సిరాతో రాసి సంతకం చేశాను. రెండో గడిలో రాస్తే పై బడివాళ్ళు చూడను కూడా చూడరని మాస్టారు మీటింగులో తల్లులందరికీ చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు. పొద్దున్నే నువ్వు అడగకముందే కవరు అతికించి నీ చేతికిచ్చాను. నువ్వు దాన్ని గుండెకు హత్తుకుని బడికి వెళ్ళావు.

జూన్‌లో ఫలితాలు పేపర్లో వచ్చాయి. లఖన్ కొట్టు మెట్ల మీద పేపరు పరిచి పిల్లలంతా మూగారు. మార్కులు వెయ్యరు కదా, బడి పేరు, కింద పిల్లల పేర్లు. రోజ్లిన్ పేరు ఒడీలియా కింద ఉంది. నీ దగ్గర చూసి లెక్కలు చేసుకునే రోజ్లిన్. నీ పేరు అక్కడ లేదు. నువ్వు ఏడవకుండా ఇంటికి వచ్చి నన్నొక్కటే అడిగావు. "అమ్మా, భిన్నాల లెక్కలు తప్పు చేసి ఉంటానా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. నీ జుట్టు సవరిస్తూ నేనన్న మాట ఇది. "పోనీలే తల్లీ. కొందరికి తెలివి తలలో ఉంటుంది, కొందరికి చేతుల్లో ఉంటుంది. మనది చేతుల్లో." అప్పుడు ఏడ్చావు నువ్వు. పేపర్లో పేరు లేనందుకు కాదు, ఆ మాటకే ఏడ్చావు. నేనెరుగుదును. ఫారం మార్చింది ఒక సాయంత్రపు పిచ్చి అనుకున్నా, ఈ మాట అన్నందుకు మాత్రం నాకు క్షమాపణ లేదు. నీ తల తీసేసి నీ చేతిలో పెట్టాను.

ఆ చేతుల సంగతి కూడా నవ్వొచ్చేదే. కింది బడిలో అప్పట్లో ప్రయోగాల గది లేదు, ఒక బల్లా, నాలుగు సీసాలూ. ఆడపిల్లలకు సైన్సు బదులు కుట్టుపని. దర్జీ కూతురివై ఉండి నువ్వు కాజా ఒక్కటీ తిన్నగా కుట్టలేదు. గుండీ కుడితే గుడ్డతో పాటు నీ గౌను కూడా కలిపి కుట్టేదానివి. తెలివి చేతుల్లో ఉందన్నదాన్ని నేనే ఆ కుట్లు విప్పి, నువ్వు పడుకున్నాక మళ్ళీ కుట్టి, నీకు పాసు మార్కులు తెప్పించాను. చూశావా, అక్కడ కూడా నీ పని చెరిపి నా పని పెట్టాను.

బిడేసీ మాస్టారికి తెలుసు. ఫలితాలొచ్చిన వారం మార్కెట్లో నన్ను పట్టుకున్నారు. చేతిలో ఆకుకూర కట్టలున్నాయి, పక్కన పెట్టి మరీ మాట్లాడారు.

"ఎర్మిన్ గారూ, ఆఫీసువాళ్ళు మన బడి మార్కులు నాకు చూపించారు. మీ అమ్మాయే మొదటిది. రోజ్లిన్ కంటే చాలా పైన. ఫారంలో అలా ఎందుకు రాశారండీ?"

ఇల్లు దగ్గరని అన్నాను.

"మీ ఇష్టం. తల్లి సంతకానికి నేను అడ్డు చెప్పను. కానీ పిల్ల తప్పిందనుకుంటోంది. అది మాత్రం ఉండకూడదు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్తానన్నాను. ఏడాది తర్వాత మళ్ళీ అడిగారు, చెప్పారా అని. చెప్పానన్నాను. ఆ మనిషి నన్ను నమ్మి ఊరుకున్నారు. ఇప్పుడు అర్థమైందా నది ఒడ్డున వెనక ఎందుకు నిలబడ్డానో? ఆయన ముందు నిలబడడానికి నాకు మొహం చెల్లలేదు, ఆయన కళ్ళు మూసుకున్నాక కూడా.

ఇంకొక్కటి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. సెప్టెంబరులో కింది బడి మొదటి రోజు. నువ్వు మధ్యాహ్నం డబ్బా మర్చిపోతే నేను గేటు దగ్గరికి తెచ్చాను. నలుగురు కొత్త పిల్లలతో నువ్వు ఎదురొచ్చావు. ఆవిడెవరు అని ఒక పిల్ల అడిగింది. నువ్వు స్కర్టు రెండు చేతులతో పట్టి గిర్రున తిరిగి, "మా అమ్మ. ఈ కుచ్చిళ్ళన్నీ మా అమ్మే పెట్టింది, ఊళ్ళో ఇంకెవరికీ రావు," అన్నావు. ఆ పిల్లలు వంగి నీ కుచ్చిళ్ళు లెక్కపెట్టారు.

నేను దేనికి భయపడి నీ చదువు మార్చేశానో అది నీలో లేనే లేదు. ఏ బడికి పంపినా నువ్వు అదే మాట అనేదానివి. ఆ రోజు ఇంటికి వచ్చి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా అని నువ్వంటావు. చెప్పలేదు. గర్వంగా చూసిన ఆ చూపు పోతుందని భయం. మొదట నువ్వు సిగ్గుపడతావని భయపడ్డాను, తర్వాత నువ్వు గర్వపడడం మానేస్తావని భయపడ్డాను. మీ నాన్నకు కూడా చెప్పలేదు. నీ తెలివి గురించి ఆయన బెంగపడుతుంటే పక్కన కూర్చుని ఊ కొట్టాను.

ఇన్నాళ్ళూ నన్ను నేను ఎలా సర్దిపుచ్చుకున్నానో కూడా విను. కింది బడి వల్లే కొరీన్ మంచి పిల్లయింది, ఎడ్గారు దొరికాడు, ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది, ఏం తక్కువైంది అనుకునేదాన్ని. కానీ నర్సింగు శిక్షణ పరీక్ష రాయమని మీ మేట్రన్ నిన్ను మూడుసార్లు అడిగిందనీ, "నాకు పరీక్షలు తలకెక్కవండీ" అని మూడుసార్లూ తప్పుకున్నావనీ నువ్వే ఉత్తరాల్లో రాశావు. మందుల పేర్లన్నీ చూడకుండా చెప్తావట, కొత్త నర్సులు నిన్నే అడుగుతారట. ఆ మూడు ఉత్తరాలూ చదివి మూడుసార్లూ "పోనీలే తల్లీ" అని రాసింది నేనే. ఏం తక్కువైందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు అదే మాట నీ నోట్లోంచి కెజయా మీదికి వెళ్తోంది. నీ దాకా ఆగితే పిరికిదాన్నై చచ్చేదాకా నోరు మూసుకుని ఉండేదాన్నేమో. దాని దాకా పోనివ్వలేను.

కోపం వస్తుంది నీకు. రావాలి కూడా. మేవిస్ ముందు చదవకు, ఆవిడ నా తరఫున మాట్లాడబోతుంది, నాకు ఎవరూ మాట్లాడనక్కర్లేదు. ఎన్నాళ్ళు ఉత్తరం రాయకపోయినా నిన్నేమీ అనుకోను. సెప్టెంబరులో మీకు ఈ ఇల్లు వద్దనిపిస్తే కొండ కింద రెండు గదుల ఇల్లొకటి అద్దెకుంది, అడిగి పెట్టాను. కానీ ఈ శుక్రవారం లోపల మాత్రం రెండు పనులు చెయ్యి.

కెజయాను కూర్చోబెట్టి, తెలివి చేతుల్లో ఉందన్న మాట గ్రానీ చెప్పిన అబద్ధమని చెప్పు. మీ అమ్మ తన బడికంతటికీ మొదటి మార్కులు తెచ్చుకుందని చెప్పు. తర్వాత రెండు బళ్ళ గురించి నేను పైన రాసింది మొత్తం చదివి వినిపించు, బకెట్టూ, పుస్తకాల గదీ, చిల్లులూ అన్నీ. విన్నాక దాన్నే పెన్సిల్ పట్టుకోమను. పై బడి రాసినా సరే, కింది బడి రాసినా సరే. అది రాశాక నువ్వు మీ మేట్రన్ దగ్గర్నించి నీ నర్సింగు పరీక్ష ఫారం తెచ్చుకో. అది ఎవరి చేతా దిద్దించుకోకు.

కెజయా కొలతలు కూడా రాసి పంపు, నడుమూ, పొడవూ. ఏ రంగు గుడ్డ కొనాలో ఫలితాలొచ్చాక చూద్దాం. నీకు ఇష్టమైతేనే కుడతాను. డాక్టరు ఏమన్నా సరే, దాని అంచులకు మాత్రం నేనే మోకాళ్ళ మీద కూర్చుంటాను. కొత్త బళ్ళో ఆవిడెవరని ఎవరైనా అడిగితే, అది నన్ను దర్జీ అన్నా ఫరవాలేదు. దానికేం చెప్పాలనిపిస్తే అది చెప్పనీ.

నువ్వు మాత్రం దాని పెన్సిల్ గీత మీదే సిరా దిద్దు. జాగ్రత్తగా దిద్దు తల్లీ, గీత దాటకూడదు.

ఇట్లు,
నీ రబ్బరుతోనే నీ గీత చెరిపిన
అమ్మ, ఎర్మిన్.